తులి, తూలి, తుల్లి: హెల్సింకి విద్యార్థులు ఒక భాషకు పాట నేర్పిన కథ

ఫిన్నిష్ భాషలో ‘తులి’ అంటే నిప్పు. ‘తూలి’ అంటే గాలి. ‘తుల్లి’ అంటే సరిహద్దులో సుంకం వసూలు చేసే చోటు. అచ్చు సాగితే ఒక అర్థం, హల్లు ఒత్తితే ఇంకో అర్థం. తెలుగువాళ్లకు ఇది వింతేమీ కాదు. మనకూ పదం వేరు, పాదం వేరు. గుడి వేరు, గుడ్డి వేరు. మామూలు మాటల్లో దీంతో ఇబ్బంది లేదు. పాట కట్టేటప్పుడే వస్తుంది తంటా. బాణీ ఎక్కడ సాగమంటే అక్కడ అక్షరాన్ని సాగదీస్తే నిప్పు కాస్తా గాలైపోతుంది.

1883లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులు ఫిన్నిష్‌లో పాడడానికి ఒక గాయక బృందం పెట్టుకున్నప్పుడు వాళ్ల ముందున్న చిక్కుల్లో ఇదొకటి. బృందం పేరు ‘యులియొప్పిలస్కున్నన్ లౌలయత్’. విద్యార్థి సంఘ గాయకులు అని అర్థం. అంత పేరు పలకలేక అందరూ వైఎల్ అంటారు. అందరూ మగవాళ్లే. ఫిన్నిష్ భాషా బృందాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. 140 ఏళ్లు దాటినా ఇంకా పాడుతూనే ఉంది. ఇంత కాలం నిలిచిన బృందం చరిత్రను ఎక్కడెక్కడ పాడారు, ఎన్ని పతకాలు గెలిచారు అనే లెక్కగా చెప్పొచ్చు. అలా చెబితే అసలు సంగతి జారిపోతుంది. మొదట్లో వాళ్ల దగ్గర గొంతులున్నాయి, పాటలు లేవు. పాటల్ని అడిగి రాయించుకున్నారు. ఆ అడగడమే వాళ్లు చేసిన పెద్ద పని.

విశ్వవిద్యాలయంలో సొంత భాషలో పాడడానికి విడిగా బృందం ఎందుకు కావలసి వచ్చింది? ఫిన్లాండ్ కొన్ని వందల ఏళ్లు స్వీడన్ ఏలుబడిలో ఉంది. 1809లో రష్యా చక్రవర్తి చేతికి వచ్చి, సొంత చట్టాలు, సొంత పరిపాలన ఉన్న సంస్థానం లాంటిదిగా కొనసాగింది. పాలకుడు మారినా ప్రభుత్వ కచేరీల భాష మారలేదు. జనంలో అత్యధికులు ఫిన్నిష్ మాట్లాడేవాళ్లు. చదువుకున్నవాళ్ల భాష, కోర్టు భాష, విశ్వవిద్యాలయం భాష మాత్రం స్వీడిష్. రైతు కొడుకు పై చదువుకు వెళ్లాలంటే ముందు ఇంటి భాషను గడప బయట వదిలేయాలి. ఫిన్నిష్ మాధ్యమంలో చదివి విశ్వవిద్యాలయానికి వెళ్లే వీలు కల్పించిన తొలి పాఠశాల 1858లో గానీ రాలేదు. అది యువాస్కులా అనే చిన్న ఊళ్లో మొదలైంది.

విశ్వవిద్యాలయం కూడా హెల్సింకిలో పుట్టింది కాదు. 1640లో తుర్కు పట్నంలో మొదలైంది. 1827లో తుర్కు తగలబడిపోయాక మరుసటి ఏడాది కొత్త రాజధాని హెల్సింకికి తరలించారు. అక్కడికి 1835లో సంగీత ఉపాధ్యాయుడిగా వచ్చాడు ఫ్రెడ్రిక్ పాసియస్. హాంబర్గ్‌లో పుట్టిన జర్మన్, వయొలిన్ విద్వాంసుడు. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో, స్వీడన్‌లోని ఉప్సాలాలో మగ విద్యార్థులు కలిసి పాడడం అప్పటికే గట్టిగా పాదుకున్న అలవాటు. పాసియస్ 1838లో హెల్సింకిలోనూ అలాంటి బృందాన్ని నెలకొల్పాడు. దాని పేరు అకాడెమిస్కా సాంగ్‌ఫోరెనింగెన్, వాడుకలో అకాడెమెన్. ఆ బృందం ప్రధానంగా స్వీడిష్‌లో పాడేది. అదీ నేటికీ బతికే ఉంది.

అకాడెమెన్ చేసిన ఒక పనిని దాటి ముందుకు పోలేం. 1848 మే 13న హెల్సింకి పొలిమేరలో ఒక పచ్చిక మైదానంలో విద్యార్థుల వసంతోత్సవం జరిగింది. రూనెబెర్గ్ అనే కవి స్వీడిష్‌లో రాసిన ‘మా దేశం’ గీతానికి పాసియస్ కట్టిన బాణీని విద్యార్థులు అక్కడే మొదటిసారి పాడారు. అదే నేటి ఫిన్లాండ్ జాతీయ గీతం. సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న ఎస్టోనియా కూడా తన భాషలో మాటలు రాసుకుని అదే బాణీని జాతీయ గీతం చేసుకుంది. జర్మన్ బాణీ, స్వీడిష్ మాటలు, విద్యార్థుల గొంతులు. రెండు దేశాలు నేటికీ లేచి నిలబడే పాట అలా పుట్టింది. ఫిన్లాండ్‌లో అత్యధికుల మాతృభాష మాత్రం అందులో లేదు. ఇప్పుడు పాడే ఫిన్నిష్ మాటలు 40 ఏళ్ల తర్వాత, 1889లో గానీ రాలేదు.

ఇంతకీ ఈ రకం పాటలో ఏముంటుంది? బృందగానం అనగానే మన మనసులో మెదిలేది భజన, లేదా ఆకాశవాణిలో విన్న దేశభక్తి గీతం. ఎంతమంది పాడినా అందరిదీ ఒకే బాణీ, ఒకే వరుస. ఐరోపా బృందగానంలో అలా కాదు. ఒకే మాటను నాలుగు గుంపులు ఒకే క్షణంలో నాలుగు వేర్వేరు స్వరాలమీద పలుకుతాయి. మగవాళ్ల బృందంలో పై గొంతులు రెండు రకాలు, కింది గొంతులు రెండు రకాలు. తొలి టెనర్, రెండో టెనర్, తొలి బాస్, రెండో బాస్. ఆడ గొంతులు కూడా ఉన్న బృందంలో పై స్వరానికీ కింది స్వరానికీ మధ్య బోలెడు చోటుంటుంది. మగ గొంతులు మాత్రమే ఉంటే ఆ చోటు బాగా తగ్గిపోతుంది. నాలుగు వరుసలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నడవాలి. అందుకే ఆ నాదం చిక్కగా, బరువుగా ఉంటుంది. అందుకే తప్పు దాచుకోవడానికీ వీలుండదు. పక్కవాడు శ్రుతి వెంట్రుకవాసి తప్పితే మొత్తం నాదం మసకబారుతుంది. ఒక అచ్చును నలుగురు నాలుగు రకాలుగా పలికినా అంతే. కాబట్టి ఇలాంటి బృందంలో సాధన అంటే సగానికి సగం ఉచ్చారణే. ఏ భాషలో పాడుతున్నామన్నది ఇక్కడ పైపై విషయం కాదు, నాదం తయారయ్యే చోటే అది.

ఇక్కడినుంచి 1883 ఎందుకు ముఖ్యమైన ఏడాదో తేలిగ్గా అర్థమవుతుంది. 1863లో చక్రవర్తి రెండో అలెగ్జాండర్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. జనంతో నేరుగా సంబంధమున్న వ్యవహారాల్లో ఫిన్నిష్‌కు స్వీడిష్‌తో సమాన హోదా రావాలి, అందుకు గడువు 20 ఏళ్లు అని. ఆ గడువు తీరేది 1883 చివరికి. సరిగ్గా ఆ ఏడాదే వైఎల్ పుట్టింది. ప్రభుత్వ కాగితాల మీద ఫిన్నిష్‌కు చోటు దొరుకుతున్న రోజుల్లో, ఫిన్నిష్ పాఠశాలల్లో చదివి వచ్చిన కుర్రాళ్లు విశ్వవిద్యాలయంలో గుంపుగా కనిపించసాగారు. వాళ్లను కూడగట్టి బృందంగా నిలబెట్టినవాడు పెక్కా యుహాని హన్నికైనెన్. తొలి బృందనాయకుడూ అతడే. తర్వాత యువాస్కులాలో ఉపాధ్యాయులను తయారుచేసే విద్యాలయంలో చాలా ఏళ్లు సంగీతం చెప్పాడు. అంటే పల్లె బడుల్లో పిల్లలకు పాట నేర్పే మాస్టార్లకు పాట నేర్పాడన్నమాట. రాజధానిలో పెద్ద సంగీతజ్ఞుడిగా వెలగడంకన్నా ఆ పనే ఎక్కువ దూరం వెళ్లింది.

కొత్త బృందం ఏం పాడాలి? చేతికందినవి జర్మన్, స్వీడిష్ పాటలు. వాటిని అనువదించి పాడొచ్చు. ఆ అనువాదాల దగ్గరే భాష ఎదురు తిరిగింది. జర్మన్‌లో గానీ స్వీడిష్‌లో గానీ పాదం చాలాసార్లు ఊతం లేని, అంటే నొక్కి పలకని, చిన్న మాటతో మొదలవుతుంది. తాళం దెబ్బ పడకముందే ఆ చిన్న అక్షరం జారి, తర్వాతి అక్షరం మీద దెబ్బ పడుతుంది. బాణీలన్నీ ఆ నడకకు అలవాటు పడి ఉన్నాయి. ఫిన్నిష్‌లో అలా జారడానికి చిన్న మాటలు చాలా తక్కువ. పైగా ప్రతి మాటలోనూ ఊతం మొదటి అక్షరం మీదే. ఫిన్నిష్ మాటను ఆ బాణీలో కూర్చోబెడితే ఊతం పడాల్సిన అక్షరం చప్పగా పోయి, పడకూడని అక్షరం మోగుతుంది. హ్రస్వదీర్ఘాల గొడవ దానికి తోడు. హిందీ పాట బాణీకి తెలుగు మాటలు బలవంతంగా ఇరికించిన డబ్బింగ్ పాట విన్నవాళ్లకు ఆ ఎబ్బెట్టు ఎలాంటిదో విడమరచి చెప్పక్కర్లేదు. మాట తెలుగే, వినడానికి మాత్రం తెలుగులా ఉండదు.

పరిష్కారం జానపదంలో ఉంది. ఏలియాస్ లొన్రోత్ అనే వైద్యుడు ఊరూరా తిరిగి, తూర్పు సరిహద్దు పల్లెల్లో ముసలివాళ్లు పాడే కథాగేయాలను సేకరించి, కూర్చి, 1835లో ‘కలేవల’ పేరుతో అచ్చువేశాడు. 1849లో దాన్ని దాదాపు 23 వేల పాదాలకు పెంచాడు. భావగీతాల్లాంటి చిన్న పాటలను ‘కాంతెలెతార్’ అని విడిగా కూర్చాడు. ఈ పాటలన్నిటికీ ఒకే నడక. పాదానికి ఎనిమిది అక్షరాలు. చివర ప్రాస ఉండదు, పాదం లోపల మాటల మొదటి ధ్వనులు కలుస్తాయి. ‘వక వన్హ వైనమోయినెన్’ అన్న పాదాన్ని పైకి చదివితే చాలు. స్థిరమైనవాడు, వృద్ధుడు, వైనమోయినెన్ (కలేవల కథానాయకుడు) అని అర్థం. మూడు మాటలూ ‘వ’కారంతోనే మొదలవుతాయి. మన యతి మైత్రికి ఇది దూరపు చుట్టంలా కనిపిస్తుంది. ఒక పాదంలో చెప్పిన దాన్నే తర్వాతి పాదం వేరే మాటల్లో మళ్లీ చెబుతుంది. ఇద్దరు గాయకులుంటే ఒకరు పాదం ఎత్తుకుంటే రెండోవారు అందుకుని వంత పాడతారు. పాత బాణీల్లో మొదటి ఆరు అక్షరాలకు ఒక్కో మాత్ర, చివరి రెండింటికి రెండేసి మాత్రలు. మొత్తం పది మాత్రలు, అంటే ఐదు దెబ్బలు. జర్మన్ సంగీతంలో పెరిగిన చెవికి ఐదు దెబ్బల లెక్క కుంటుతున్నట్టు తోస్తుంది. ఖండచాపు తాళంతో పెరిగిన మన చెవికి మాత్రం ఇంటి లెక్కే.

ఈ నడకను పెద్ద వేదిక మీదికి తెచ్చినవాడు జీన్ సిబేలియస్ అనే స్వరకర్త. విచిత్రం ఏమిటంటే అతని ఇంటి భాష స్వీడిష్. 1865లో పుట్టాడు, చదువుకున్నది ఫిన్నిష్ పాఠశాలలో. బెర్లిన్, వియన్నాల్లో సంగీతం నేర్చుకుంటున్న రోజుల్లోనే కలేవల అతన్ని పట్టుకుంది. వలచిన అమ్మాయి ఐనో యార్నెఫెల్ట్‌ది ఫిన్నిష్ భాషోద్యమంలో నిండా మునిగిన కుటుంబం. వియన్నా నుంచి తిరిగొచ్చాక 1891లో పోర్వో పట్నానికి వెళ్లి లారిన్ పరాస్కె అనే జానపద గాయని పాడుతుంటే విన్నాడు. పరాస్కె చదువుకోని పేద స్త్రీ. ఆమె నోట సేకర్తలు రాసుకున్న పాదాలు 30 వేలు దాటాయి.

1892 ఏప్రిల్ 28న విశ్వవిద్యాలయం ఉత్సవ మందిరంలో, కలేవలలోని కథ మీద సిబేలియస్ రాసిన ‘కుల్లెర్వో’ ప్రదర్శన జరిగింది. వాద్యబృందం, విడిగా పాడే ఇద్దరు గాయకులు, దాదాపు 40 మంది మగవాళ్ల బృందం. పాడినవాళ్లలో వైఎల్ కుర్రాళ్లు ఉన్నారు. సిబేలియస్ స్వయంగా నడిపించాడు. వాద్యకారుల్లో ఎక్కువమంది జర్మన్లు. ఏ కథకు వాయిస్తున్నారో వాళ్లకు భాష ద్వారా తెలిసే దారి లేదు. కథ భయంకరమైనది. బానిసగా పెరిగిన కుల్లెర్వో దారిలో కనిపించిన అమ్మాయిని లోబరచుకుంటాడు. తర్వాత తెలుస్తుంది, చిన్నప్పుడు తప్పిపోయిన తోబుట్టువే ఆమె అని. ఆమె ఏట్లో దూకి చనిపోతుంది. కొంత కాలానికి అతడు తన కత్తినే అడుగుతాడు, పాపి నెత్తురు తాగుతావా అని.

ఈ కృతిలో గాయక బృందం పని కథ చెప్పడం. మూడో భాగం మొదట్లో వాద్యాలు ఐదు దెబ్బల నడకలో పరుగు అందుకోగానే మగ గొంతులన్నీ కలిసి ‘కుల్లెర్వో, కలెర్వోన్ పోయిక’ అని ఎత్తుకుంటాయి. కలెర్వో కొడుకు కుల్లెర్వో అని. అక్షరాలు లెక్కపెడితే ఎనిమిది. ఇక్కడ సిబేలియస్ చేసిన పని జాగ్రత్తగా చూడాల్సినది. నాలుగు వరుసల నాదం చేతిలో ఉండి కూడా చాలా చోట్ల అందరిచేతా ఒకే వరుస పాడించాడు. ఐరోపా శాస్త్రం ఇచ్చిన సొగసును పక్కనపెట్టి, పల్లె కథకుడి గొంతును 40 రెట్లు చేశాడు. అది తెలియనితనం కాదు, ఎంపిక. నాలుగు గొంతులూ నాలుగు దారుల్లో పోతే నాదం అందంగా ఉంటుంది, కథ మాత్రం చెదిరిపోతుంది. బుర్రకథలో వంతలు ఒక్కసారి గొంతు కలిపినప్పుడు మాట ఎంత స్పష్టంగా గుండెకు తగులుతుందో ఎరిగినవాళ్లకు ఈ ఎంపిక వెనకున్న తెలివి అర్థమవుతుంది.

కుల్లెర్వో తర్వాత వైఎల్‌కు దారి దొరికింది. 1893లో అదే స్వరకర్త బృందం కోసం ‘వెనెమత్క’ రాశాడు. పడవ ప్రయాణం అని అర్థం. వైనమోయినెన్ పడవ అలల మీద దూసుకుపోయే కలేవల ఘట్టం. వాద్యాల్లేవు, గొంతులే. రెండు నిమిషాలైనా పట్టదు. పై చెప్పిన ‘వక వన్హ’ పాదంతోనే మొదలవుతుంది. ప్రతి అక్షరానికీ ఊతం దానికి దక్కాల్సిన చోటే పడుతుంది, హ్రస్వం హ్రస్వంగానే ఉంటుంది. పదేళ్లుగా అనువాదాలతో కుస్తీ పట్టిన బృందానికి ఆ రెండు నిమిషాలు ఎంత హాయినిచ్చి ఉంటాయో ఊహించుకోవచ్చు.

మరుసటి ఏడాది బృందం కొత్త పాటల కోసం పోటీ పెట్టింది. సిబేలియస్ కాంతెలెతార్ లోని ప్రేమగీతాలు తీసుకుని ‘రకస్తవ’ (ప్రేమికుడు) పంపాడు. దానికి వచ్చింది రెండో బహుమతి. మొదటిది ఎమిల్ గెనెత్స్ రాసిన ఒక యుద్ధ గీతానికి వెళ్లింది. ఇప్పుడు ఆ తీర్పు చూసి న్యాయనిర్ణేతలను తప్పుపట్టడం తేలిక. అయితే ఆనాటి గాయకుల పక్కన నిలబడి చూడాలి. రకస్తవ మెత్తగా, మసకవెలుగులో నడిచే పాట. వరుసలు అలవాటు లేని మలుపులు తిరుగుతాయి. ఊపిరి సరిపోదు, శ్రుతి జారుతుంది. 1894 ఏప్రిల్‌లో తొలిసారి పాడినప్పుడు బృందానికి ఆసరాగా తీగ వాద్యాల తోడు ఇవ్వాల్సి వచ్చింది. ఆ తోడును కూడా సిబేలియసే రాసిచ్చాడు. వైఎల్ చరిత్రలో గర్వపడాల్సిన ఘట్టాల్లో ఇదొకటి. బృందం అడిగింది, వచ్చిన పాట దాని సత్తువను మించిపోయింది, అయినా వెనక్కి పంపలేదు. తర్వాతి తరాలు తోడు లేకుండా పాడే స్థాయికి ఎదిగాయి. మంచి పాట గాయకుణ్ని ఎలా పెంచుతుందో చూపడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ దొరకదు.

ఆ వరుసలో 1898లో సిబేలియస్ కట్టిన ‘నా హృదయ గీతం’ మీద కాసేపు ఆగాలి. మాటలు అలెక్సిస్ కివి అనే రచయితవి. ఫిన్నిష్ నవలకు పునాది వేసినవాడు. విమర్శకుల ఎగతాళినీ, పేదరికాన్నీ, మతిస్థిమితం తప్పడాన్నీ అనుభవించి 1872లో, 40 ఏళ్లయినా నిండకుండా చనిపోయాడు. అతని నవలలో ఒక లాలిపాట ఉంది. తల్లి బిడ్డను ఊయలలో వేయడం లేదు, మృత్యువు తోటలోకి సాగనంపుతోంది. అక్కడ మెత్తటి ఇసుక ఊయల ఉందని, సాయంకాలం కాగానే అక్కడి కన్య ఒళ్లో ఊపుతుందని, లోకంలోని పగ, కొట్లాట అక్కడికి చేరవని బిడ్డకు చెబుతుంది. ఇది తల్లి పాడే పాట. పాడేది 40, 50 మంది మగవాళ్లు. చదివితే పొసగనట్టుంటుంది, వింటే కాదు. గొంతులన్నీ కిందికి దిగి, గుసగుసకు దగ్గరగా, ఊయల ఊగినట్టు ఒక్కో పాదం మీదా మెల్లగా ఊగుతాయి. నిట్టూర్పు అంత నిడివి ఉన్న ఆ పాట ఫిన్లాండ్‌లో అంత్యక్రియల దగ్గర ఈనాటికీ వినిపిస్తుంది. బతికుండగా ఆదరణకు నోచుకోని కవి మాటల్ని దేశం తన దుఃఖానికి వాడుకుంటోంది. మధ్యలో ఆ మాటలు మోసుకొచ్చింది విద్యార్థుల బృందం.

1899 ఫిబ్రవరిలో రష్యా చక్రవర్తి రెండో నికోలస్ ఫిన్లాండ్ స్వపరిపాలనను కుదిస్తూ ప్రకటన చేశాడు. విద్యార్థులు మంచులో స్కీల మీద పల్లె పల్లెకూ వెళ్లి సంతకాలు సేకరించారు. రెండు వారాలైనా పట్టకుండా 5 లక్షలకు పైగా వచ్చాయి. దేశ జనాభాయే 30 లక్షల లోపు. చక్రవర్తి ఆ అర్జీ తీసుకొచ్చిన బృందాన్ని కలవడానికి ఒప్పుకోలేదు. అప్పటినుంచి పాటల కచేరీకి వేరే అర్థం వచ్చింది. పత్రికలో రాస్తే కత్తిరించగలరు, వసంతం గురించో పడవ గురించో నలుగురు కలిసి పాడితే ఏమని పట్టుకుంటారు? ఆ వసంతంలోనే సిబేలియస్ రాసిన అతి పదునైన నిరసన గీతం స్వీడిష్ కవితకు కట్టినది కావడం గమనించాలి. నెత్తిన పిడుగు పడ్డప్పుడు రెండు భాషల తగవు కాస్త పక్కకు జరిగింది. ఫిన్నిష్ పక్షం, స్వీడిష్ పక్షం అని ఈ చరిత్రను రెండు ముక్కలుగా కోసి చెప్పేవాళ్లు మరిచిపోయే విషయం ఇది.

అలాగని ఈ బృందాలు ఎప్పుడూ జనమందరి పక్షాన నిలిచాయని చెప్పడం సరికాదు. ఫిన్లాండ్ 1917 డిసెంబర్ 6న స్వతంత్రమైంది. 1918 జనవరి చివరికల్లా దేశం కార్మికుల ఎర్ర సేన, వాళ్లను ఎదిరించిన ప్రభుత్వ తెల్ల సేనలుగా చీలి తనను తాను చంపుకుంది. అంతకు కొద్ది రోజుల ముందే, జనవరి 19న, జర్మనీలో రహస్యంగా శిక్షణ పొందిన ఫిన్నిష్ సైనికుల కోసం సిబేలియస్ రాసిన కవాతు గీతాన్ని అకాడెమెన్ హెల్సింకిలో తొలిసారి బహిరంగంగా పాడింది. అది తెల్ల సేన పాట అయింది. విశ్వవిద్యాలయ యువకుల్లో చాలామంది అటువైపే. ఓడిపోయిన కార్మిక కుటుంబాలకు ఆ పాట చాలా కాలం వేరేలా వినిపించింది. భాష ఒకటైనంత మాత్రాన గొంతులన్నీ ఒకటి కావు.

మగవాళ్లే ఎందుకన్న ప్రశ్నకు తొలి జవాబు సూటిగానే ఉంది: విశ్వవిద్యాలయంలో ఉన్నది వాళ్లే కాబట్టి. 1870 నుంచి ఒకరిద్దరు స్త్రీలు ప్రత్యేక అనుమతి మీద చేరినా, మగవాళ్లతో సమానంగా ప్రవేశం దొరికింది 1901లోనే. హెల్సింకిలో స్వీడిష్ మాట్లాడే విద్యార్థినులు లీరన్ అనే తమ సొంత బృందాన్ని 1946లో పెట్టుకున్నారు. అకాడెమెన్ పుట్టిన 108 ఏళ్లకు. ఈ ఆలస్యం చిన్నది కాదు. కలేవల పాటల్ని కాపాడినవాళ్లలో పరాస్కె లాంటి స్త్రీలు ఎందరో ఉండగా, వాటిని వేదిక మీద పాడే హక్కు చాలా కాలం మగ విద్యార్థులకే దక్కింది. మగ గొంతుల చిక్కటి నాదానికి విలువ ఉంది. ఆ విలువ ఆ లోటును పూడ్చదు.

కుల్లెర్వో సంగతికి మళ్లీ రావాలి. 1893 తర్వాత సిబేలియస్ దాన్ని పక్కన పెట్టేశాడు, అచ్చుకూ ఇవ్వలేదు. 1935లో కలేవలకు నూరేళ్లు నిండినప్పుడు మూడో భాగం మాత్రం వినిపించారు. మొత్తం కృతి మళ్లీ వేదికెక్కింది 1958లో, స్వరకర్త చనిపోయిన మరుసటి ఏడాది. అది లోకానికి చేరింది మాత్రం 1970లో పావో బెర్గ్‌లుండ్ అనే వాద్యబృంద నాయకుడు ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్ వాద్యబృందంతో చేసిన తొలి రికార్డుతో. పాడడానికి హెల్సింకి నుంచి వెళ్లింది వైఎల్. తాతల కాలంలో తమ కుర్రాళ్లు మొదట పాడిన కృతికి దాదాపు 80 ఏళ్ల తర్వాత లోకమంతా వినే గొంతు ఇచ్చింది మళ్లీ అదే బృందం. అప్పటినుంచి కుల్లెర్వో ఎక్కడ పాడాలన్నా వాద్యబృందాలు ముందు హెల్సింకి వైపే చూస్తున్నాయి. ఆ ఉచ్చారణ, ఆ నడక పుస్తకం చూసి నేర్చుకునేవి కావు.

మత్తి హ్యూక్కి 1980 నుంచి 2010 వరకు, 30 ఏళ్లు బృందాన్ని నడిపాడు. తర్వాత పగ్గాలు పాసి హ్యూక్కి చేతికొచ్చాయి. పేరులో విద్యార్థి సంఘం ఉన్నా పాడేవాళ్లలో చదువు ముగించి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లూ ఉంటారు. కొత్త స్వరకర్తలను పాటలు అడిగే అలవాటు మాత్రం పోలేదు. ఏటా మే 1 ఉదయం హెల్సింకి సముద్రపు ఒడ్డున కైవోపుయిస్తో పార్కు గుట్ట మీద జనం తిండి బుట్టలతో చేరతారు. ఏ వయసువాళ్లయినా తలమీద పాఠశాల చదువు పూర్తయినప్పుడు పెట్టుకున్న తెల్లటి టోపీ ఉంటుంది. ఏళ్లు గడిచి పసుపురంగుకు తిరిగిన టోపీలూ కనిపిస్తాయి. టోపీ ముందు బంగారు రంగు బిళ్ల, దానిమీద వీణలాంటి తీగవాద్యం గుర్తు. ఆ చలిగాలిలో వైఎల్ వసంత గీతాలు పాడుతుంది.

2016 ఫిబ్రవరిలో బృందం అమెరికాలోని మినియాపొలిస్ వెళ్లింది. నూరేళ్ల కిందట ఫిన్లాండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వేలాది కుటుంబాలు వలస పోయి గనుల్లో, అడవుల్లో పనికి కుదిరింది ఆ మినెసోటా రాష్ట్రానికే. ఒస్మో వాన్‌స్కా నడిపించిన మినెసోటా వాద్యబృందంతో కలిసి కుల్లెర్వో పాడారు. దానితోపాటు ఆ వలసల మీద ఓల్లి కోర్తెకంగాస్ అనే ఫిన్నిష్ స్వరకర్త రాసిన కొత్త కృతి కూడా ఉంది. అందులోని కవితలు ఫిన్నిష్ వలస కుటుంబంలో పుట్టిన మినెసోటా కవయిత్రి షీలా పాకా రాసినవి. ఆమె రాసింది ఇంగ్లిష్‌లో. ఫిన్నిష్‌లో పాడడానికి పుట్టిన బృందం, వలస వెళ్లినవాళ్ల వారసులకు మిగిలిన భాషలోనే ఆ కవితల్ని వాళ్లకు పాడి వినిపించింది.